సంత లేని రోజు లెక్క

మా ఆఫీసు గోడకి ఒక క్యాలెండరు ఉంది. అందులో ప్రతి తేదీ కింద సన్నటి అక్షరాలతో సంత రోజు పేరు ఉంటుంది: లెగి, పాహింగ్, పోన్, వాగె, క్లివోన్. ఐదు రోజులకొకసారి తిరిగొచ్చే పేర్లివి. మా జావాలో పుట్టినవాడు సోమవారమో మంగళవారమో తడుముకుంటాడేమో గానీ వీటిని మరిచిపోడు. నేను మరిచిపోయానని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! మరిచిపోలేదు. అదే నా ఏడుపు.

నేను జిల్లా రవాణా శాఖలో రాకపోకల లెక్కలు తీసే మనిషిని. రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గుప్పిట్లో ఇమిడే కౌంటర్ పట్టుకుని, పోయే ప్రతి బండికీ ఒక నొక్కు నొక్కడం నా ఉద్యోగం. పదకొండేళ్ళ నుంచీ నొక్కుతున్నాను. వినేవాళ్ళకి నవ్వులాటగానే ఉంటుంది. కానీ రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో, మనుషులు ఎక్కడ దాటాలో, సైకిలుకి బాట ఉండాలో అక్కర్లేదో, అన్నీ చివరికి ఆ నొక్కుల దగ్గరే తేలతాయి. నొక్కు పడనివాడు ఆ రోడ్డు మీద లేనట్టే లెక్క.

ఆ ఏడాది మా జిల్లాకి పచ్చని రవాణా పథకం వచ్చింది. పొగ తగ్గాలి, జనం సైకిళ్ళు తొక్కాలి, కాలినడకన తిరగాలి అని రాజధానిలో ఎవరో అనుకున్నారు. మంచి మాటే. ఊరి మధ్య మైదానం చుట్టూ ఆకుపచ్చ రంగు పూసిన సైకిలు బాట వేయాలని తీర్మానమైంది. అదే పథకంలో ఇంకో పేజీలో, వాడకం లేని పాత సైకిలు బాటలు ఉంటే తీసేసి ఆ జాగా పెద్ద బండ్లకి ఇవ్వొచ్చని కూడా ఉంది. దక్షిణం రోడ్డు పేరు ఆ పేజీలోకి చేరింది.

దక్షిణం రోడ్డు అంటే మా ఊరు కరంగ్‌వునీ నుంచి పాహింగ్ నాడు జరిగే సంత దాకా ఏడు కిలోమీటర్లు. దానికి అటూ ఇటూ గట్టు కట్టి, గట్టు మీద చింతచెట్లు నాటి, గట్టు అవతల సైకిళ్ళకని విడిగా ఒక బాట ఉండేది. ఏ కాలంలో ఏ ఇంజనీరు వేయించాడో గానీ మనుషుల మీద దయ ఉన్నవాడే అయ్యుంటాడు. అమ్మ ముప్పై ఏళ్ళ పాటు ఆ బాటలోనే సైకిలు తొక్కుకుంటూ సంతకి పోయింది. వెనక సీటుకి అటో బుట్ట ఇటో బుట్ట, వాటి నిండా ఆకుల్లో చుట్టిన టెంపె.

టెంపె చేసే ఇంట్లో రోజులు ముక్కుకే తెలుస్తాయి. క్లివోన్ నాడు పెద్ద గుండిగలో సోయా గింజలు ఉడుకుతాయి. లెగి నాడు ఆకుల కట్టలు గోనెసంచి కింద వెచ్చబడుతుంటాయి. పాహింగ్ తెల్లారేసరికి గింజ మీద తెల్లటి బూజు పట్టి, ముద్ద గట్టిపడి, సంతకి సిద్ధమవుతుంది. ఆ వాసనల్లో పెరిగిన దాన్ని నేను.

లెక్క ఎప్పుడు తీయాలో నిర్ణయించేది మా ఆఫీసరు, పాక్ హర్దొయో. పాక్ అంటే పెద్ద మగవాళ్ళని మేము గౌరవంగా పిలిచే మాట. మంచివాడు. ఇది వెటకారంగా అనడం లేదు. ఎవరింట్లో చావైనా ముందు వెళ్ళి కుర్చీలు మోసే మనిషి, కింది వాళ్ళని ఒక్కనాడూ పల్లెత్తు మాట అనని మనిషి. ఆ రోజు ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, గోడమీది క్యాలెండరు ముందు నిలబడ్డాడు.

"మంగళ, బుధ, గురు మూడు రోజులూ తీయాలని నియమం. ఈ వారం వద్దు, బుధవారం పాహింగ్ పడింది," అన్నాడు. "వచ్చే వారం పెట్టుకుందాం. పోన్, వాగె, క్లివోన్. శుభ్రంగా ఉంటుంది."

పాక్ హర్దొయో తండ్రి పాహింగ్ నాడు పోయాడు. తల్లో తండ్రో పోయిన సంత రోజున మావాళ్ళు ఏ పనీ మొదలుపెట్టరు. పునాది తవ్వరు, పెళ్ళి పెట్టుకోరు, దూరం ప్రయాణం కట్టరు. ఆయనైతే ఆ రోజు కొత్త కాగితం మీద సంతకం కూడా చేయడు. మాకందరికీ తెలుసు, ఎవరమూ తప్పు పట్టలేదు. మా ఇళ్ళల్లోనూ అదే కదా.

"పాక్, ఆ రోడ్డు మీద సైకిళ్ళు పోయేదే సంత రోజున. పాహింగ్ నాడు ఒక్క పూటైనా చూస్తే..." అన్నాను.

"సంత రోజు మామూలు రోజు కాదమ్మా. మామూలు రోజు లెక్కే కావాలంటారు పైవాళ్ళు." తర్వాత గొంతు తగ్గించి, "పైగా అది మా నాన్న రోజు. తెలుసు కదా," అన్నాడు.

"సరే పాక్," అన్నాను.

అంతే. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. పెద్దవాళ్ళు ఒక మాట అన్నాక రెండోసారి అడగడం మాకు చేతకాదు. ఒకసారి అడిగాను కదా అని నన్ను నేను సముదాయించుకుని, టీ తాగి, కౌంటర్లకి నూనె వేసుకున్నాను.

సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. ఆమె అరటాకులు తుడుస్తూ తుడుస్తూ పగలబడి నవ్వింది.

"మంగళవారం కూర్చుని మమ్మల్ని లెక్కపెడతావా? మంగళవారం నేను ఈ అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉంటానే. అక్కడ కుక్కల్ని లెక్కపెట్టుకో."

"నవ్వకమ్మా. సైకిళ్ళు తక్కువని తేలితే బాట తీసేస్తారు."

"ఎవరు తీసేది?" అంది. "ఇన్ని ఊళ్ళ ఆడవాళ్ళు పోతుంటే కళ్ళు కనపడవా వాళ్ళకి? అయినా మీ ఆఫీసరుతో వాదన పెట్టుకోకు. నీకు అన్నం పెట్టే మనిషి."

అమ్మకి లెక్క అంటే ఏమిటో తెలియదు. కళ్ళకి కనపడేదే లెక్క అనుకుంది. తెలిసినదాన్ని నేను.

మూడు రోజులూ తెల్లారక ముందే వెళ్ళి, దక్షిణం రోడ్డు మీద చిన్న వంతెన దగ్గర కుర్చీ వేసుకున్నాను. మోటారు సైకిళ్ళు, కార్లు, నది నుంచి ఇసుక తెచ్చే లారీలు పోతూనే ఉన్నాయి. సైకిళ్ళు మాత్రం మంగళవారం పద్నాలుగు, బుధవారం పదకొండు, గురువారం పదమూడు. గురువారం క్లివోన్. పొద్దున నేను ఇంట్లోంచి బయల్దేరేటప్పటికే పొయ్యి మీద సోయా ఉడుకుతోంది. ఆ ఆవిరి నా జడకి పట్టుకుని వంతెన దాకా వచ్చింది. ఇంకో రెండు రోజులాగితే ఇదే చోట, ఏడు గంటల లోపే, మూడొందలకి తక్కువ కాకుండా సైకిళ్ళు పోతాయని నాకు తెలుసు. తెలిసే, ముప్పై ఎనిమిది అని రాసి కింద సంతకం పెట్టాను.

ఐదు నెలలకి చింతచెట్లు పడ్డాయి. గట్టు పగలగొట్టారు, బాట మీద తారు పోశారు. రోడ్డు నాలుగు వరసలైంది. అదే నెలలో మైదానం చుట్టూ ఆకుపచ్చ బాట ప్రారంభమైంది. ఆదివారం పొద్దున అధికారులంతా నెత్తిన టోపీలు పెట్టుకుని, అద్దెకి తెచ్చిన సైకిళ్ళ మీద మూడు చుట్లు తిరిగి ఫోటోలు దిగారు. నేను మంచినీళ్ళ సీసాలు పంచాను.

అమ్మ మొదటి పాహింగ్ నాడు కొత్త రోడ్డు మీద పోయొచ్చి, మెట్టు మీద కూలబడింది. 

"లారీ గాలికే పడిపోయేట్టున్నానే. చెవి పక్కనే హారన్ కొడతాడు. నేనేదో వాడి వాకిట్లో కూర్చున్నట్టు!"

"సంతకి పికప్ బండి వెళ్తోంది కదమ్మా. అందులో పో."

"పదిమంది ఎక్కి తొక్కితే నా టెంపె ముద్దయిపోతుంది. నువ్వు కొంటావా ఆ ముద్ద?" తర్వాత మామూలుగానే అడిగింది: "మీ లెక్కలో మేమెంతమంది తేలామే?"

"తక్కువ తేలారమ్మా."

"అదేంటే, లెక్కపెట్టింది నువ్వే కదా?"

నేను లేచి ఆమె సైకిలు మీది బుట్టలు దించాను. ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఆరో పాహింగ్ నాడు, గురువారం, పొద్దున ఏడింటికి ఆఫీసులో ఫోను మోగింది. పాక్ హర్దొయోనే తీశాడు. నా వంక చూసి, కారు తాళాలు అందుకున్నాడు. ఆయన ముఖం చూసి నాకు అర్థమైపోయింది.

చిన్న వంతెన మీద. నేను కుర్చీ వేసుకున్న చోటికి పది అడుగులు కూడా లేదు. వంతెన దగ్గర రోడ్డు ఇరుకవుతుంది, ఇసుక లారీ పక్కకి జరిగింది, అమ్మకి జరగడానికి చోటు లేకపోయింది. నేను వెళ్ళేసరికి ఎవరో అరటాకులు కప్పారు. ఆమె బుట్టల్లో ఆకులే అవి. టెంపె పొట్లాలు రోడ్డంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కరంగ్‌వునీ ఆడవాళ్ళు సైకిళ్ళు పడేసి, ఒక్కో పొట్లమే ఏరి బుట్టలో పెడుతున్నారు, సంతకి ఇంకా పోవాల్సి ఉన్నట్టు. వాళ్ళని ఎవరూ ఆపలేదు.

పాక్ హర్దొయో నా పక్కనే నిలబడి బిగ్గరగా ఏడ్చాడు. పాడె మోశాడు. మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు ప్రార్థనలకి అందరికంటే ముందొచ్చి చాపలు పరిచాడు. ఆయన్ని అసహ్యించుకుందామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. అసహ్యమంతా తిరిగొచ్చి నా సంతకం మీదే వాలేది.

ఆ దారిలోని ఐదూళ్ళ పెద్దలూ అర్జీ పెట్టారు, బాట మళ్ళీ వేయమని. లెక్క తప్పని, సంత రోజున తీయలేదని అందులో రాయించింది నేనే. మా ఆఫీసు కాదనలేకపోయింది. ఒక్క రోజు, పాహింగ్ నాడు, మళ్ళీ లెక్క తీయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నియమం ప్రకారం పాత చోటనే తీయాలి. పోల్చి చూడడానికి.

"నేను రాలేనమ్మా, నాన్న రోజు," అన్నాడు పాక్ హర్దొయో, నేలచూపులు చూస్తూ. "ఇంకెవరినైనా పంపిస్తాను. ఇప్పుడది నీకూ..."

"నేనే వెళ్తాను పాక్."

ఇంట్లో మా అన్న మండిపడ్డాడు. "అమ్మ పోయిన రోజే, అమ్మ పోయిన చోటే పని మొదలుపెడతావా? వంద రోజులు కూడా నిండలేదు. నీకేమైనా మతిపోయిందా? అరిష్టం!"

"ఇంకేం అరిష్టం మిగిలింది అన్నా?" అన్నాను. "అరిష్టమని ఒకసారి పాహింగ్‌ని వదిలేశాం. చూశావుగా?"

ఆ పాహింగ్ మంగళవారం పడింది. తెల్లారకముందే వెళ్ళి, వంతెన దగ్గర కుర్చీ వేసుకున్నాను. కౌంటర్ చెమటకి జారుతుంటే పావడాకి తుడుచుకున్నాను. మూడొందలు దాటాలి. రెండొందలొచ్చినా బాట వస్తుంది. అమ్మ తిరిగి రాదు, కనీసం మా ఊరి గినెమ్ పెద్దమ్మ వాళ్ళైనా బతుకుతారు. వేళ్ళతో నొక్కుతూనే మనసులో మొక్కుకున్నాను.

ఐదున్నరకి నిండుగా జనంతో, పైన బుట్టలతో ఒక పికప్ పోయింది. ఆ వెనకే ఇంకోటి, ఇంకోటి. పికప్‌కి ఒక నొక్కే పడుతుంది, లోపల ఎంతమంది ఉన్నా. సగం మంది ఆడవాళ్ళు బండి ఎక్కేశారని అప్పుడు అర్థమైంది. మిగిలిన సగం ఏరీ?

ఆరింటికి కనిపించారు. సైకిళ్ళతోనే వస్తున్నారు. వంతెనకి వంద గజాల దూరం ఉండగానే ఒక్కొక్కరే దిగిపోయారు. సైకిలుని కాలవ వైపుకి వంచి పట్టుకుని, బుట్టల బరువుకి ఒరిగిపోతూ, అంచు వెంబడి ఒకరి వెనక ఒకరు నడిపించుకుంటూ వస్తున్నారు. మా అమ్మ పడిన చోట ఎవరూ సైకిలు మీద లేరు. ఒక్కరూ లేరు.

లెక్క తీసే వాళ్ళకి ఒక నియమం ఉంది. సైకిలు దిగి నడిపించుకుంటూ పోయే మనిషి పాదచారి. పాదచారుల గడిలో వేయాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు బట్టీ పట్టిన నియమం.

ముందు వస్తున్నది గినెమ్ పెద్దమ్మ. అమ్మతో కలిసి ముప్పై ఏళ్ళు పక్కపక్కనే తొక్కింది. నా కుర్చీ ముందు ఆగింది.

"ఇప్పుడొచ్చావా లెక్కపెట్టడానికి?" అంది. "మీ అమ్మ ఉన్నప్పుడు ఎక్కడ వేశావే ఈ కుర్చీ?"

"ఇక్కడే పెద్దమ్మా. రోజు తప్పింది."

"రోజు తప్పిందా?" నన్ను ఎగాదిగా చూసింది. "టెంపె ఇంట్లో పుట్టిన దానికి పాహింగ్ ఎప్పుడో తెలియలేదా?"

తల దించుకున్నాను. ఆమె ముక్కు చీదుకుని, గొంతు మార్చి అడిగింది: "సరే, నన్ను దేంట్లో వేస్తున్నావు?"

"సైకిల్లో."

"తొక్కట్లేదు కదే."

"మీరు నడిచేది ఇక్కడ తొక్కే బాట లేక కదా పెద్దమ్మా," అని సైకిళ్ళ మీట గట్టిగా నొక్కాను. ఆమె వెనక వస్తున్న ప్రతి ఒక్కరికీ నొక్కాను. పదకొండేళ్ళలో మొదటిసారి నియమం తప్పాను, అది కూడా ఎవరి చాటునా కాదు, పగటి వెలుగులో. సాయంత్రానికి నూట ముప్పై ఒకటి. సైకిళ్ళు: నూట ముప్పై ఒకటి అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు పాక్ హర్దొయో ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. వంతెన మీద పెట్టిన కెమెరా బొమ్మ కూడా చూశాడు. పైవాళ్ళు అదొకటి పెట్టించారట, నాకు తెలియదు.

"వెనింగ్, వీళ్ళంతా నడుస్తున్నారు కదమ్మా."

"సైకిళ్ళున్నాయి కదా పాక్, చేతుల్లో."

"దిగి నడిస్తే పాదచారి. ఈ నియమం నేను పెట్టింది కాదు. కెమెరాలో కనపడుతుంటే నేనెలా మార్చి రాసేది?"

"ఎందుకు దిగారో రాసే గడి ఏదైనా ఉందా పాక్?"

 ఆయన ఎర్ర పెన్నుతో నా అంకె కొట్టేసి, దాన్ని పక్క గడిలోకి మార్చాడు. సైకిళ్ళ గడిలో సున్న చుట్టాడు. చాలా శ్రద్ధగా, గుండ్రంగా చుట్టాడు.

"పోయినసారి రోజుకి పన్నెండు, పదమూడు ఉండేవి," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు సంత రోజున కూడా లేవు. పైవాళ్ళు ఇంక బాట ఇవ్వరు. నన్ను తప్పు పట్టకు తల్లీ."

"అప్పుడు పాహింగ్ నాడు ఎందుకు తీయలేదు పాక్?"

"నాన్న రోజని చెప్పాను కదమ్మా."

"నిన్న మా అమ్మ రోజు. నేను తీశాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.  దిద్దిన కాగితాన్ని నా వైపు జరిపాడు, మళ్ళీ సంతకం కోసం. నేను పెట్టనన్నాను. అంత పెద్ద మనిషికి ఎదురుగా నిలబడి వద్దని చెప్పడం అదే మొదలు.  ఆయన కోప్పడలేదు. పక్క గదిలో కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచాడు. ఆ పిల్ల కాగితం వంకైనా చూడకుండా, "సరే పాక్," అని సంతకం పెట్టేసింది. ఆ గొంతు అచ్చం నాదే.

వంద రోజుల భోజనాలకి కూడా ఆయన వచ్చాడు. చాపలు పరిచాడు. నేనే ఆయనకి అన్నం వడ్డించాను.

ఏడాది చివర రవాణా శాఖ లెక్కల పుస్తకం అచ్చవుతుంది. అచ్చుకి పోయేముందు తప్పులు దిద్దడం నా పని. పచ్చని రవాణా అనే అధ్యాయంలో ముందు మైదానం బాట ఫోటో ఉంది, టోపీలతో అధికారులు. తర్వాతి పేజీలో: దక్షిణం రోడ్డు, చిన్న వంతెన, మంగళవారం, సంత రోజు. సైకిళ్ళు: సున్న. పొరపాట్లేమీ లేవు. పేజీ తిప్పాను.

చివర్లో ప్రమాదాల పట్టిక ఉంది. ఒక్కో వరసలో స్థలం, తేదీ, వాహనాలు. వేలుపెట్టి కిందికి చదువుకుంటూ పోయాను. దక్షిణం రోడ్డు, చిన్న వంతెన, గురువారం. లారీలు: ఒకటి. సైకిళ్ళు: ఒకటి.

ముప్పై ఏళ్ళు ఆ దారిన పోయిన మా అమ్మ లెక్కలోకి వచ్చింది అక్కడొక్కచోటే.